డేరాపై మరియొక కప్పు

(చదువవలసిన వాక్యభాగములు: నిర్గమ. 26:1-14, ద్వితీ. 24:10-15)



నిర్గమకాండము 26వ అధ్యాయమునకు వచ్చుసరికి మనలో అనేకులు పుటలు త్వరత్వరగా త్రిప్పుదురు. తెరలు, మూరలు, కొలుకులు, గుండీలు, ఇవన్నియు మనకెందుకని తోచును. అయితే కారుచున్న డేరాలో ఒక్క రాత్రి గడిపినవాడు ఆ అధ్యాయమును అట్లు దాటిపోలేడు. లోపలి సన్ననార తెరలు 10. ఒక్కొక్కదాని పొడవు 28 మూరలు. వాటిమీద పరచు మేకవెండ్రుకల తెరలు 11. ఒక్కొక్కదాని పొడవు 30 మూరలు. ఆ రెండు మూరల హెచ్చు ఎందుకు? ఇటొక మూర, అటొక మూర లోపలి గుడారమును దాటి క్రిందికి వ్రేలాడుటకు. పూరింటికి చూరు ఎట్టిదో ఇదియు అట్టిదే. దానిమీద పొట్టేళ్ల తోళ్లు, వాటిమీద మరల తోళ్లు. కళ నేర్చినవాని పనియంతయు లోపల నున్నది. బయటి కప్పుకు అందము లేదు, పని మాత్రము కలదు.

ఒక్కొక్క తోలుకు ఒక్కొక్క గూఢార్థము చెప్పు బోధకులు కలరు. మేమును సెమినరీలో అట్టి నోట్సు వ్రాసికొన్నవారమే. ఈ మాసము వాటిని ప్రక్కనుంచి, కప్పును కప్పుగానే చూడగోరుచున్నాము. ఏలయనగా మా యౌవనస్థుల మూలముగా ఒక ప్రశ్న మా సంఘములోనికి వచ్చినది; దానిని తోళ్ల గూఢార్థములు తీర్చునట్లు లేవు.

తెల్లాపూర్ చుట్టుపట్ల కంప్యూటరు కంపెనీలలో పనిచేయు మా యౌవనస్థులు కొందరు, సెలవు దొరికినప్పుడు వికారాబాదు దగ్గర నున్న అనంతగిరి కొండలకు పోయి, డేరాలు వేసికొని, ప్రార్థనలోను ఆటపాటలలోను రెండు దినములు గడుపుట కలదు. వారు కొన్నవి చౌకరకపు డేరాలు. ఇద్దరు పరుండుటకు చాలును. వెల రెండువేల రూపాయల లోపు. అట్టివాటికి ఒకటే పొర. నెత్తిమీద టోపీవంటి చిన్న గుడ్డ యుండును గాని, అది గాలి పోవు కంతను మూయుటకే సరిపోవును. జడివాన పట్టెనా, కుట్ల వెంబడి నీరు దిగును. వాన లేని రాత్రియు తెల్లవారుసరికి గుడ్డ లోపలివైపు తడిసి, దుప్పట్లమీద బొట్లు రాలును. అది వాన కాదు, లోపల పరుండినవారి ఊపిరియే. మనిషి విడిచిన ఊపిరిలోని చెమ్మ చల్లని గుడ్డను తాకి నీరగును. చలికాలపు ప్రొద్దున మూసిన కిటికీ అద్దముమీద కనబడు చెమ్మయు ఇట్టిదే.

కొత్త డేరాలు కొనుట కంటె ఉన్నవాటికి పై కప్పు కుట్టుకొనుట మేలని వారు తలంచిరి. ఇంగ్లీషులో దానిని రెయిన్‌ఫ్లై అందురట. మన పల్లెలలో పేరు లేదు గాని వస్తువు కొత్తది కాదు. ధాన్యపు రాశిమీద తాటిపత్రి కప్పు రైతుకు ఈ విద్యలో సగము తెలిసియే యుండును. మిగిలిన సగమును కొంచెము వివరించి వ్రాయుచున్నాము.

మొదటి సంగతి, పై కప్పు లోపలి డేరాను తాకరాదు. రెంటికిని నడుమ జానెడు ఎడము ఉండవలెను. తడిసిన గుడ్డను లోపలినుండి వ్రేలితో తాకినచోట నీరు ఊరుట చూచినవారే యుందురు; కప్పు డేరాకు అంటుకొన్నను అట్లే జరుగును. ఎడము ఉన్నయెడల గాలి నడుమ సాగిపోయి ఊపిరి చెమ్మను తీసికొనిపోవును. కాబట్టి రెండు గుంజల నడుమ డేరా నెత్తికంటె ఎత్తుగా బిగువైన త్రాడు కట్టి, దానిమీదుగా తాటిపత్రిని వేసి, రెండు ప్రక్కలకును వాలుగా లాగి మేకులకు కట్టవలెను. ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల డేరాకు పది పన్నెండడుగుల తాటిపత్రి సరిపోవును. గాలి వచ్చు దిక్కున అంచు నేలకు దగ్గరగా దిగవలెను.

రెండవది, నడినెత్తిన కుట్టు పడరాదు. సూది పోయిన ప్రతిచోట ఒక కంత యుండును. రెండు ముక్కలు కలుపక తప్పనియెడల అంచులను ఒకదానిలో ఒకటి మడచి రెండు వరుసలు కుట్టి, ఆ కుట్టుమీద క్రొవ్వొత్తి గట్టిగా రుద్దవలెను. మూలలలో రింగులు ఊడిపోయినను చింతలేదు. గుండ్రని గులకరాయిని గుడ్డలో పెట్టి దాని మెడకు త్రాడు బిగించినయెడల రింగుకంటె గట్టిగా నిలుచును. తెల్లాపూర్ నేలలో పలుచోట్ల మేకు దిగదు, రాయి తగులును. అక్కడ బరువైన బండకే త్రాడు చుట్టవలెను.

మూడవది చాలమందికి తోచదు. వాననీరు త్రాడు వెంబడి ప్రాకుచు నెమ్మదిగా కప్పు క్రిందికి వచ్చును. కప్పు చేరకముందే త్రాడుకు ఒక గుడ్డపీలిక కట్టి వ్రేలాడవిడిచినయెడల నీరు ఆ పీలిక వెంబడి దిగి బయటనే రాలిపోవును. అట్లే నేలమీద పరచిన పట్టా అంచు కప్పు వెలుపలికి రాకూడదు. వచ్చెనా, పైనుండి పడిన నీటిని పట్టి పరుపు క్రిందికి తెచ్చును. పల్లము వైపునకు నీరు మళ్లునట్లు ఎగువ ప్రక్కన జానెడు లోతు కాలువ తీయవలెను.

ఇంతవరకు చదివినవారు, పాస్టరుగారు ఇప్పుడు డేరాకును కప్పుకును నడుమ నున్న ఎడమును ఉపమానముగా చేయునని ఎదురుచూచుచుందురు. చేయబోము. ఆ ఎడము గాలి కొరకే.

అయితే ఆ కప్పు ఆ కొండమీదనే ఉండిపోలేదు.

తెల్లాపూర్ సంగతి ఎరుగనివారికి రెండు మాటలు. ఇది హైదరాబాదునకు పడమట, సంగారెడ్డి జిల్లాలో, అవుటర్ రింగురోడ్డు చెంత నున్న ఊరు. 2018లో పురపాలక సంఘమైనది. చేలున్న చోట ముప్పది నలువది అంతస్తుల మేడలు లేచుచున్నవి, ప్రహరీలలోపల విల్లాలు వరుసలుగా పెరుగుచున్నవి. వీటిని కట్టుటకు ఒడిషా, బీహారు, జార్ఖండు, ఛత్తీస్‌గఢ్, బెంగాలునుండియు, మన పాలమూరునుండియు కూలీలు వచ్చుచున్నారు. పాలమూరు కూలీలు తరతరములుగా దేశమంతట ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్వినవారు. డేరా బ్రదుకు వారికి కొత్తది కాదు. పెద్ద సైట్లలో రేకుల షెడ్లు ఉండును. ఆ షెడ్లలో చోటు లేనివారును, చిన్న మేస్త్రీల క్రింద వచ్చినవారును రోడ్డు ప్రక్క ఖాళీ స్థలములలో కఱ్ఱలు పాతి, తాటిపత్రియో పాత ఫ్లెక్సీయో కప్పుకొందురు. ఆ ఫ్లెక్సీలు చాలమట్టుకు విల్లాల ప్రకటనలే. తెల్లని వెనుకభాగము ఎండకు పెట్టి, బొమ్మ లోపలికి వచ్చునట్లు వేసికొందురు. అందుచేత లోపల వెల్లకిల పరుండినవానికి పైన మేడ, పచ్చిక, ఈతకొలను కనబడుచుండును.

అనంతగిరినుండి తిరిగివచ్చిన మా యౌవనస్థులు, మన డేరాలకు చేసినట్లే ఈ గుడిసెలకును కప్పులు కుట్టి యిచ్చెదమని సంఘ కమిటీలో మనవి చేసిరి. అందరును సంతోషించిరి. అప్పుడు సంఘపెద్దలలో ఒకరు, తాపీపనిలో వయస్సు గడిపినవారు, లేచి యిట్లనిరి: "మీరు కప్పు ఏసినకొద్ది కంట్రాక్టరుకు షెడ్డు ఏసే ఖర్చు మిగుల్తది. మీరు తీరుస్తున్నది ఎవని బాకీ?"

ఆ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. పార్లమెంటు 1996లో కట్టడపు కూలీల నిమిత్తము చేసిన చట్టములో, పని జరుగునంతకాలము వారికి అద్దె లేకుండ సైటులోనో, సాధ్యమైనంత చేరువనో తాత్కాలిక నివాసము, వంటచోటు, స్నానపు వసతి, మరుగుదొడ్డి యజమానుడే ఏర్పాటు చేయవలెనని స్పష్టముగా వ్రాసిరి. అంతకుముందు 1979లో పరరాష్ట్రపు వలసకూలీల కొరకు చేసిన చట్టమును తగిన వసతి కల్పింపవలెననియే చెప్పెను. కాబట్టి గుడిసెలోనివాడు భిక్షకుడు కాడు, రావలసినది రానివాడు. రావలసినవానికి దానము చేసినప్పుడు ఒక చిత్రము జరుగును. ఇచ్చినవాడు మంచివాడనిపించుకొనును, పుచ్చుకొన్నవాడు కృతజ్ఞుడు కావలసివచ్చును, బాకీపడినవాడు ఎవరికిని జ్ఞాపకము రాడు. గుడిసె కొంచెము బాగుపడెను గనుక చూచువారికిని నొప్పి తగ్గును. ఎవరి నొప్పి తగ్గించుటకు మనము ఈ కప్పు వేయుచున్నాము? ఈ విధముగా వాదించినయెడల, కారుచున్న గుడిసెను కారనిచ్చుటయే న్యాయమను చోటికి వచ్చెదము.

వాన అంతవరకు ఆగదు. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదును ముంచిన వాన మనకు జ్ఞాపకమున్నది. అట్టి రాత్రి జ్వరపడిన బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లితో, "అమ్మా, నీకు షెడ్డు రావలసియున్నది గనుక మేము కప్పు వేయము" అని చెప్పగలవాడెవడు? పెద్దయ్యగారును చెప్పలేరు, ఆయన హృదయము మేమెరుగుదుము.

ఈ రెంటి నడుమ చిక్కుకొని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమును మరల చదివితిమి. బీదవాని దుప్పటి తాకట్టుగా తీసికొన్నవాడు ప్రొద్దుగ్రుంకకముందే తిరిగి యియ్యవలెనను ఆజ్ఞ అక్కడ నున్నది. అప్పు తీరినదా లేదా అను విచారణ అందులో లేదు. రాత్రి వచ్చుచున్నది, వానికి చలి వేయును, అంతే. దాని వెంటనే, ఒక్క వచనముకూడ ఎడము లేకుండ, కూలివాని కూలి ఏనాటిది ఆనాడే ప్రొద్దుగ్రుంకకముందు ఇయ్యవలెనను ఆజ్ఞ ఉన్నది. ఆ కూలివాడు సహోదరుడైనను పరదేశియైనను సరే. రెండు ఆజ్ఞలకును గడువు ఒకటే సూర్యాస్తమయము. దుప్పటి ఇచ్చితిమి గనుక కూలి రేపిచ్చెదమనుటకు గాని, కూలి తేలువరకు దుప్పటి ఇయ్యమనుటకు గాని అక్కడ సందు లేదు. మేము ఒకదానికొకటి అడ్డమని తలంచినవాటిని ధర్మశాస్త్రము ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినది.

ఆ భాగములోనే మనము తరచు గమనింపని మాట మరియొకటి కలదు. అప్పిచ్చినవాడు తాకట్టు తెచ్చుకొనుటకు బీదవాని యింటిలోనికి పోరాదు, బయట నిలువవలెను. ఆ యిల్లు ఎంత చిన్నదైనను దానికి వాకిలి కలదు, ఆ వాకిలికి మర్యాద కలదు. మేలుచేయువారు కూడ దీనిని నేర్చుకొనవలెనని మా తలంపు. తాటిపత్రి చంకన పెట్టుకొని వచ్చితిమి గనుక గుడిసెలోనికి తలదూర్చి ఫొటోలు తీయు అధికారము మనకు రాదు.

డేరా అందరికి ఒకటి కాదను సంగతియు మరువరాదు. లేవీయకాండము 23వ అధ్యాయములో, సొంత యిండ్లు గలవారు ఏటేట ఏడు దినములు పర్ణశాలలలో నివసింపవలెనను నియమమున్నది. తమ పితరులు ఎట్లు నివసించిరో పిల్లలకు తెలియుటకు అది ఏర్పడినది. అనంతగిరిలో మన యౌవనస్థుల డేరాయు ఇంచుమించు అట్టిదే. జేబులో ఇంటి తాళపుచెవి పెట్టుకొని తడియువాడు ఒకడు, తాళపుచెవి లేక తడియువాడు మరియొకడు. మొదటివానికి కప్పు ఒక మెలకువ, రెండవవానికి అది ఆ రాత్రి నిద్ర. "కదిలిపోవువారికి ఇల్లెందుకండీ?" అని మమ్మునడిగినవారు కలరు. తెల్లాపూర్‌కు దగ్గరనే కొల్లూరులో 15,660 ఇండ్ల ప్రభుత్వ కాలనీ 2023 జూన్ 22న ప్రారంభమైనది. అంత పని ఒక దినములో ముగియునా? కూలివాడు కదులునది నిజమే గాని, ఒక్కొక్కచోట రెండేండ్లు మూడేండ్లు ఉండి, అక్కడనే బిడ్డలను కని కదులుచున్నాడు.

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి దగ్గర సంగతి ఒకటి జ్ఞాపకము వచ్చుచున్నది. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిలో గొప్ప కరువు వచ్చినప్పుడు, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించుటకు గుత్త తీసికొని, ఆకలిగొన్నవారికి పని యిచ్చి కూలి చెల్లించిరి. అది గంజి పోయుట కాదు, చేసిన పనికి కూలి. కరువు కాలమంతయు వేలకొలది జనులు బాప్తిస్మమడిగినను ఆయన ఇయ్యలేదు. తిండి కొరకు వచ్చిరను మాట రాకూడదనియే. కరువు తగ్గిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ పెద్ద సంఖ్యను మనము పండుగలలో చెప్పుకొందుము. దానికి ముందు ఆయన కాదనిన నెలలను చెప్పుకొనుట తక్కువ. మా యౌవనస్థులలో ఒకరు కప్పులమీద సంఘము పేరు అచ్చువేయుదమనినప్పుడు ఈ సంగతి చెప్పితిమి. పేరు లేకుండనే కుట్టిరి.

కప్పు ఎంత మంచిదైనను అది ఆపలేనివి కలవు. 2024 మే 7వ తేదీ సాయంకాలము గాలివాన కురిసినప్పుడు, హైదరాబాదు బాచుపల్లిలో కట్టుచున్న ఒక భవనపు గోడ కూలి, దాని చెంతనున్న కూలీల షెడ్లమీద పడెను. ఏడుగురు చనిపోయిరి, వారిలో ఒక చిన్నబిడ్డ. ఒడిషానుండియు ఛత్తీస్‌గఢ్‌నుండియు వచ్చినవారు. వారి పైకప్పు కారినందున వారు చావలేదు. షెడ్డు ఎక్కడ వేసిరనుటలోనే వారి ప్రాణము ఉండెను. తాటిపత్రి కొలుచుటకు పోయినవారు ముందు చుట్టును చూడవలెను: ఎగువ ఎంత మట్టి పోసియున్నది, ప్రక్కగోడ ఎంత ఎత్తు, దానికి నీరు పోవు కంతలున్నవా, త్రవ్విన గోతి అంచు ఎంత దూరము. దీనికి కుట్టుమిషను పనికిరాదు, నోరు కావలెను. నోరు విప్పుటకు కప్పు అడ్డము రాదు. మేము చూచినంతలో, కప్పు కట్టుటకు రెండు మూడు మారులు పోయివచ్చినవానికే మేస్త్రీ పేరు, సైటు ఇంజనీరు వచ్చు వేళ, నీటి టాంకరు రాని దినములు తెలిసినవి. దూరమునుండి న్యాయము మాటలాడువానికి అవి తెలియవు. పెద్దయ్యగారి ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇంతమాత్రమే. అది ఆయనకు పూర్తిగా ఒప్పుదలయైనదని చెప్పము. కాని మరుసటి ఆదివారము ఆయనయే ఓలంబము తీసికొని వచ్చి, గోడ నిలువుగా నున్నదా అని చూచిరి.

ఇక గుడిసెల దగ్గర జరిగినది. యౌవనస్థులు కొండమీద వేసికొన్న కొలతతోనే కప్పు తెచ్చి, మూడు ప్రక్కల నేలవరకు దింపి చూపించిరి. పాలమూరు సీమనుండి వచ్చిన ఒక తల్లి దాని చుట్టును తిరిగి చూచి, "వాన సంగతి సరేగాని అయ్యగారూ, పొయ్యి యాడ వెట్టుకోవాలె?" అని అడిగెను. కొండకు పోయినవారు పులిహోర పొట్లములు కట్టుకొని పోయిరి. ఆమె దినమునకు రెండు పూటలు ఆరుగురికి వండవలెను. తాటిపత్రి ప్లాస్టికు, నిప్పు తగిలినయెడల కరగి మండుచు మీద బొట్లుగా పడును. అన్ని ప్రక్కల మూసి లోపల కట్టెలో బొగ్గులో వెలిగించుట అంతకంటె అపాయము. పొగ కంటికి కనబడును గాని, దానితో వచ్చు కార్బన్ మోనాక్సైడు కనబడదు, వాసనయు రాదు, నిద్రలోనే ప్రాణము తీయును. అందుచేత పది పన్నెండడుగుల కొలతను విడిచి, పన్నెండు పదిహేనడుగులది తీసికొని, ముందువైపు ఆరడుగులకు మించి పందిరివలె ఎత్తుగా లేపి కట్టిరి. పొయ్యి ఆ పందిరి కొసకు, గాలి వీచు దిక్కునకు ఎడమై, మూడువైపుల తెరపిగా ఉండునట్లు పెట్టిరి. ఎక్కడ గుంజ పాతవలెనో ఆ తల్లియే చూపెను. ఆమె చూపినచోట పందిరి కొంచెము వంకరగా వచ్చినది. అయినను పొయ్యిమీద చినుకు పడలేదు.

ఇప్పటికి పదునొకండు గుడిసెలకు కప్పులు అమరినవి. మృగశిర కార్తె లోపల మరి తొమ్మిది కుట్టవలెను. కుట్టుమిషను గలవారు శనివారము మధ్యాహ్నము మందిరపు వరండాలోనికి తేగలరు. లావు సూది, నైలాను దారము ఇక్కడ ఉన్నవి. గులకరాళ్లు పిల్లలు ఏరి తెచ్చిరి. ఒక సైటులో మూడు గుడిసెలు కొత్తగా లేచుచున్న ప్రహరీకి నాలుగడుగుల దూరములోనే యున్నవి. వాటిని జరిపించెదమని అక్కడి మేస్త్రీ రెండు మారులు మాట యిచ్చెను గాని ఇంకను జరుపలేదు. ఆ మూటికి కప్పులు కుట్టియే యుంచితిమి, కట్టలేదు. శనివారము కుట్టుపనికి ముందు పెద్దయ్యగారును మేమును సైటు ఇంజనీరును చూచుటకు పోవుచున్నాము.